అమ్మ అర్చన చేయించిన పేరు

ఈ మాట ఏళ్ళ తరబడి నాలోనే ఉంది. పొద్దున్న దీపం పెట్టేటప్పుడు ఉంటుంది. మధ్యాహ్నం ఒక్కదాన్నే కంచం ముందు కూర్చున్నప్పుడు ఉంటుంది. ఈ రోజు చూపించినందుకు, ఊపిరి ఆడనిస్తున్నందుకు, పాలు పోసే మనిషి వానలో కూడా మానకుండా వస్తున్నందుకు దేవుడికి దండం పెట్టుకుని లేస్తాను. నాతో పాటు అదీ లేస్తుంది. దేవుడికి తెలుసు కదా, ఇంకెవరికో చెప్పడం దేనికి అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. దేవుడికి చెప్పడంలో కష్టమేమీ లేదు. ఆయన ముఖం మారదు. మనిషికి చెప్పాలి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా తమ్ముడు ఒక ఆట తయారు చేశాడు. ఫోన్లో ఆడుకునే బేస్‌బాల్ ఆట. దాని మీద వచ్చిన సమీక్షల్లో ఒకటి దాన్ని నిలువునా కూల్చింది. ఆ సమీక్ష రాసింది నేను. మగపేరుతో రాశాను. ఆ పేరు ఎవరిదో వాడికి ఇప్పటికీ తెలియదు.

నవ్వొస్తే నవ్వండి. ఫోన్ ఆటకి ఇంత ఏడుపేమిటి అనుకుంటే అనుకోండి. నేను కూడా అలా అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

మాది పలివెలకి దగ్గర్లో ఒక ఊరు. నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి గుండెకి పట్టింది. పరిగెత్తకూడదు, బరువెత్తకూడదు, వానలో తడవకూడదు అన్నారు డాక్టరుగారు. నాన్నగారు నన్ను తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. ఆయన పద్ధతి ఒక్కటే. ఇంగ్లీషు పేపరు గట్టిగా చదవాలి, మూసేయాలి, చదివింది తెలుగులో చెప్పాలి. తప్పు చెబితే కోప్పడేవారు కాదు. "వాడేమన్నాడో అది ముందు చెప్పమ్మా. నువ్వేమనుకున్నావో తర్వాత విందాం," అనేవారు. ఈ లోకంలో నాకు దొరికిన పెద్ద అదృష్టం ఆ కుర్చీ. ఆయన పోయాక నాకూ అమ్మకీ అన్నం పెట్టింది ఆయనిచ్చిన ఆ ఇంగ్లీషే.

మొదట అనువాదాలు చేసేదాన్ని. తర్వాత హైదరాబాదులో ఒక ఇంగ్లీషు వెబ్‌సైటు వాళ్ళు ఫోన్ ఆటల మీద సమీక్షలు రాస్తారా అని అడిగారు. ఆడపేరుతో రాస్తే కింద కామెంట్లు చదవలేమండీ, ఇంకేదైనా పేరు పెట్టుకోండి అని ఎడిటరుగారే సలహా ఇచ్చారు. పెట్టుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మకి, తమ్ముడికి నేను చేసేది టైపు పని అని మాత్రమే తెలుసు. దాచాలని దాచలేదు. మొదట్లో సిగ్గుపడి చెప్పలేదు, తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు. అబద్ధాలు చాలావరకు ఇలాగే పుడతాయేమో.

ఆటలంటే నాకు ఇష్టం. గుమ్మం దిగి నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసపడే మనిషిని, ఫోన్లో బొటనవేలితో ఎంత దూరమైనా పరిగెత్తేదాన్ని. రాయడం కూడా నిజాయితీగానే రాసేదాన్ని. బాగున్నదాన్ని బాగుందని, లేనిదాన్ని లేదని. ఆ పేరుకి కొంచెం గౌరవం కూడా వచ్చింది. ఆయన రాశాడంటే ఆడి రాస్తాడు అనేవారు. ఆయన అంటే నేను.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. ఇక్కడ చంటి అంటాను. అమలాపురంలో డిప్లొమా చేసి, మస్కట్‌లో ఒక గోడౌనులో పనికి వెళ్ళాడు. అక్కడ వాడితో పనిచేసే ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు శుక్రవారం శుక్రవారం ఎండిన మైదానంలో బేస్‌బాల్ ఆడేవారట. ఒకరోజు మనిషి తక్కువైతే వీణ్ణి నిలబెట్టారు. అంతే, వాడికి ఆ పిచ్చి పట్టింది. కంపెనీ మూతపడి ఇంటికొచ్చాక వీడియోలు చూసి ఆటలు తయారు చేయడం నేర్చుకున్నాడు. వాళ్ళింట్లో బాబాయి కూర్చోనిచ్చేవాడు కాదు. గోళీలాడే వయసు దాటిపోయిందిరా, ఇంకా ఈ ఆటలేవిట్రా అని పొద్దస్తమానం సాధించేవాడు. అందుకని సాయంత్రం అయ్యేసరికి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చేసేవాడు.

ఆ సాయంత్రాల గురించి ఎలా చెప్పాలి?

నాన్నగారు పోయాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ, నేను, టీవీ. మాట్లాడుకునేదంతా కూర గురించి, మందుల గురించి. చంటి రావడం మొదలయ్యాక నాలుగైతే నా చెవి వీధి గేటు మీద ఉండేది. టీ నీళ్ళు పెట్టి, వాడు రాకపోతే దించి, మళ్ళీ పెట్టేదాన్ని. వాడొస్తే అమ్మ కూడా టీవీ కట్టేసి అరుగు మీదికి వచ్చేది.

నాకు బేస్‌బాల్ తెలియదు కదా, వాడు పెరట్లో నేర్పాడు. నాలుగు కొబ్బరి డొక్కలు నాలుగు మూలల్లో పెట్టాడు. అవి బేసులు. కొబ్బరిమట్ట బ్యాటు. నేను కుర్చీలో కూర్చుని కాగితం ఉండ విసిరేదాన్ని, వాడు కొట్టి నాలుగు డొక్కలూ చుట్టి వచ్చేవాడు. అమ్మ గడప మీద కూర్చుని చూసేది. "నాలుగు మూలలూ తిరిగి మళ్ళీ మొదటికే వచ్చేదానికి పరుగెందుకురా? నెమ్మదిగా ప్రదక్షిణం చెయ్యి, పుణ్యవైనా వస్తుంది," అంది. చంటి పరిగెత్తేవాడల్లా మధ్యలో కూలబడి నవ్వాడు.

క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకి ఈ ఆటలో ఒక్కటే ఇబ్బంది. క్రికెట్‌లో బంతి ఎటు కొట్టినా పరుగే. వెనక్కి పోతే ఇంకా మెచ్చుకుంటాం. బేస్‌బాల్‌లో అలా కుదరదు. కొట్టేవాడి దగ్గర్నుంచి రెండు గీతలు విచ్చుకుంటూ పోతాయి. బంతి ఆ రెండింటి మధ్య పడాలి. వెనక్కి పోయినా, గీత అవతల పడినా అది ఫౌల్. పరుగు లేదు. పైగా మొదటి రెండుసార్లూ అది తప్పు కింద లెక్క కూడా. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ గీతల్లోనే ఉంది ఆట అందమంతా అనిపించింది. బాగా గుర్తు, ఆ మాట వాడితో అన్నాను కూడా.

వాడు చేసిన ఆటలో మైదానం కోత అయిపోయిన వరిచేను. కాళ్ళకింద కొయ్యకాలు. చుట్టూ గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్లు. బంతి వెళ్ళి చెట్టు మొవ్వులో ఇరుక్కుంటే హోమ్ రన్, అంటే మన సిక్సరు లాంటిది. ఆడేవాళ్ళు లుంగీ ఎగ్గట్టి ఉంటారు. ఇక అంపైరు మా అమ్మ. బొమ్మలో కనిపించదు, గొంతు మాత్రమే. వాడు ఫోను అమ్మ నోటి దగ్గర పెట్టి రికార్డు చేశాడు. "అవుటండీ. ఏవనుకోకండి." "ఫౌలండీ, గీత దాటిపోయిందండీ." "ఆయ్, పరిగెట్టండి పరిగెట్టండి, కాళ్ళు జాగర్త." గట్టిగా అనమంటే అమ్మ అనదు. ఓడిపోయినవాడి మీద అరవడవేవిట్రా, పాపం అనేది.

ఆట పూర్తి కావస్తుండగా చంటి నన్నొకటి అడిగాడు. మొదట్లో ఫౌల్ గురించి, గీతల గురించి ఒక చిన్న పాఠంలా పెట్టమంటావా అని. నేను వద్దన్నాను. ఎవరూ చదవరురా, ఆడుతుంటే అదే తెలుస్తుంది అన్నాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను. అనుకున్నాననే అనుకుంటున్నాను. ఇన్నేళ్ళు తవ్వి చూసుకున్నా ఆ సలహాలో కల్మషం కనిపించలేదు. కానీ తవ్వేది కూడా నేనే కదా.

బెంగుళూరులో ఒక కంపెనీ మనిషికి చంటి ఆట నచ్చింది. జనంలోకి వదలండి, సమీక్షలు ఎలా వస్తాయో చూద్దాం, బాగా వస్తే ఆట మేం తీసుకుంటాం, మీరూ వచ్చి మా దగ్గర చేరండి అన్నాడట. ఆ సంగతి చెప్పిన సాయంత్రం వాడి ముఖం వెలిగిపోతోంది. అమ్మ వాడి నోట్లో బెల్లంముక్క పెట్టింది. నేను కూడా సంతోషపడ్డాను. అబద్ధం కాదు, పడ్డాను. వాడు వెళ్ళిపోయాక టీ గ్లాసులు కడుగుతూ, ఇక నుంచి రెండు గ్లాసులే కదా అనుకున్నాను. ఆ మాట మనసులోకి వచ్చిన క్షణం నాకు తెలుసు. దాన్ని అక్కడే ఆపి ఉండవలసింది.

ఆట విడుదలైంది. చెన్నై నుంచి ఒకాయన, చిన్న ఆటే అయినా ముచ్చటగా ఉందని రాశాడు. అమెరికాలో బేస్‌బాల్ అభిమాని ఒకాయన, నియమాలన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టారు, ఆ అంపైరమ్మ ఏమంటోందో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె చేతిలో అవుటవడం హాయిగా ఉందని రాశాడు. చంటి ఆ ముక్క ఊరంతా చూపించాడు. బెంగుళూరు మనిషి ఇంకొక పెద్ద సమీక్ష రానీయండి అన్నాడు.

ఆ పెద్ద సమీక్ష నా దగ్గరికి వచ్చింది. ఎడిటరుగారు ఆట పేరు పంపి, ఇది మీ గోదావరి వైపు వాళ్ళదేనట, చూడండి అన్నారు.

ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఇది మా తమ్ముడిదండీ, నేను రాయకూడదు అని. ఆ వాక్యం ఎందుకు రాయలేదు? ఆ పేరు బయటపడుతుందనా? అది సాకు. ఎడిటరుగారికి నా పేరు తెలుసు, ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు.

అమ్మ పడుకున్న ఒక మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాను. తమ్ముడి ఆట కాబట్టే కఠినంగా ఉండాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత పెద్దమనిషి మాటో చూడండి. మనసు పాపం చేయబోయే ముందు తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని మరీ వస్తుంది.

ఏం రాశానో చెబుతాను. ఈ ఆట ఆడేవాణ్ణి మోసం చేస్తుందని రాశాను. మంచి దెబ్బ కొట్టినా బంతి వెనక్కి పోతే పరుగు ఇవ్వదు, ఎందుకివ్వదో చెప్పదు, ఇది తయారీలో లోపమో, తయారుచేసినవాడికి ఆట తెలియకపోవడమో తేలలేదని రాశాను. క్రికెట్ తప్ప వేరే తెలియని మనిషిలా రాశాను. మన దేశంలో ఆ ఆట ఫోన్లోకి దింపుకున్న ప్రతివాడూ మొదటి బంతిని వెనక్కే కొట్టి ఉంటాడనీ, ఫౌలండీ అని వినగానే విసుక్కుని ఉంటాడనీ నాకు తెలుసు. ఆ విసుగుకి నేను మాటలు అందించాను. నియమం తెలిసి రాశాను. పాఠం వద్దన్న నోటితోనే, పాఠం లేదని రాశాను. చివర అంపైరు గురించి కూడా ఒక ముక్క. మాటిమాటికీ క్షమాపణ చెప్పే ఈ ముసలి గొంతుని కాసేపటికే ఆపేయాలనిపిస్తుంది అని.

పక్కగదిలో అమ్మ నిద్రలో దగ్గింది. లేచి వెళ్ళి దుప్పటి సర్ది వచ్చి, ఆ ముక్క అలాగే ఉంచి పంపేశాను.

వాడు వెళ్ళిపోకూడదు. అదొక్కటే కారణం. అసూయ కాదు, వాడి మీద కోపం కాదు. సాయంత్రం గేటు చప్పుడవ్వాలి. నా కోసం ఒకడు పెరట్లో పరిగెత్తాలి. ఒక మనిషి బతుకుని నా ఒంటరితనానికి కట్టేసి ఉంచాలనుకున్నాను. దీన్ని ఇంతకంటే బాగా రాయడం నాకు చేతకాదు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకున్నదానికంటే ఎక్కువ. ఇంకో రెండు సైట్లలో సమీక్షలు వచ్చాయి, రెండింటిలోనూ నా వాక్యాలే కొంచెం అటూ ఇటూ చేసి ఉన్నాయి. ఆ ఇద్దరూ ఆట తెరిచి కూడా చూడలేదని చదవగానే తెలిసిపోయింది. దింపుకున్నవాళ్ళు ఒక్కొక్క స్టారే ఇచ్చి, చీటింగ్ గేమ్ అని రాశారు. అమెరికా ఆయన పాపం ఓపిగ్గా ఫౌల్ అంటే ఏమిటో కింద వివరించాడు. ఆయన్ని కూడా తిట్టారు.

చంటి కొత్తపేట జిరాక్సు షాపులో నా సమీక్ష అచ్చు తీయించి పట్టుకొచ్చాడు. మస్కట్‌లో మాట్లాడే ఇంగ్లీషు వాడికి బాగానే వచ్చు, కానీ నా రాత కొంచెం బరువుగా ఉంటుంది. అమ్మ అరుగు మీద తోటకూర బాగుచేస్తోంది.

"అక్కా, ఇది తెలుగులో చెప్పు. నాకు బోధపడిందిలే గానీ, పూర్తిగా బోధపడలేదేవో అని."

తీసుకున్నాను. నా వాక్యాలు నా చేతిలో. మెల్లగా, గుచ్చుకునే చోట గుచ్చుకోకుండా చెప్పుకుంటూ వచ్చాను.

"వెన్నపూస రాయకక్కా. ఆయనేం రాసేడో అదే చెప్పు."

నాన్నగారు కూడా ఇదే అనేవారు. చెప్పాను. మోసం చేస్తుంది అన్న దగ్గర్నుంచి, ఆట తెలియదు అన్నదాకా.

వాడు కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"అది ఫౌల్ కదక్కా."

"ఆయ్."

"నీకు తెలుసు కదా."

"తెలుసురా."

"ఈయనకి తెలీదంటావా?"

"తెలీదేవోరా," అన్నాను.

"తెలీకపోతే ఆయన తప్పేవుంది. మొదట్లో చెప్పాల్సింది నేను. నువ్వేదో మంచికే వద్దన్నావు, నా బుర్ర ఏవైంది?" అని కాగితం మడిచాడు. "ఈయన మీద నాకు కోపం లేదక్కా. కూర్చుని అంతసేపు ఆడేడు. ఎవరాడతారు చెప్పు?"

అమ్మ తోటకూర మీంచి తల ఎత్తకుండానే అడిగింది. "నా మాటేవన్నా రాసేడేవిటే?"

చంటి నా వంక చూశాడు. ఆ ముక్క వాడికి బాగానే బోధపడింది.

"నీ గొంతు బావుందని రాసేరమ్మా," అన్నాను. "ఇంట్లో మనిషి మాట్లాడినట్టు ఉందట."

అమ్మ ముఖం ఎలా అయిందో చెప్పలేను. కొంగుతో నోరు తుడుచుకుంది. చంటి కళ్ళతోనే నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. పెద్దావిడ మనసు నొప్పించకుండా కాపాడిన మంచి అక్కని అయ్యాను వాడికి. ఆ రోజు నేను చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా కాల్చేది ఏదని అడిగితే, వాడి కళ్ళలోని ఆ కృతజ్ఞత అంటాను.

"ఎవరో ఆ బాబు, చల్లగా ఉండాలి," అంది అమ్మ. "పేరేవిట్రా?"

చంటి కాగితం విప్పి నా మారుపేరు చదివాడు.

సోమవారం పలివెల వెళ్ళాం, అమ్మా నేనూ. ఆటోలో వెళ్ళి ఉమాకొప్పులింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని రావడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. పంతులుగారు పేర్లు అడిగారు. అమ్మ మా గోత్రం చెప్పి, తన పేరు, నా పేరు, చంటి పేరు చెప్పింది. తర్వాత ఇంకొక పేరు చెప్పింది. ఆ పేరు.

గోత్రం ఏమిటమ్మా అన్నారు పంతులుగారు. తెలీదండి, ఎక్కడో దూరంగా ఉంటారు, నా గురించి నాలుగు మంచి మాటలు రాసేరు అని చెప్పి, నీకేవన్నా తెలుసా అన్నట్టు నా వైపు తిరిగింది. తల అడ్డంగా ఊపాను. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పడం వాడుక. పంతులుగారు కాశ్యపస గోత్రోద్భవస్య అని మొదలుపెట్టి, నేను పెట్టుకున్న దొంగ పేరు స్వామి ముందు చదివారు. ఆయురారోగ్యాలు, క్షేమం, స్థైర్యం, విజయం. ఒక్కటీ వదలకుండా కోరారు.

ఆ పేరుగల మనిషి ఈ భూమి మీద లేడు. ఉన్నది నేను. మా అమ్మ పక్కనే, చేతులు జోడించి. మరి ఆ ఆశీర్వాదం ఎవరికి వెళ్ళింది? నాకే వెళ్ళిందా? నన్ను కాదని ఊరికే పైకి పోయిందా? స్వామి తెలిసే విన్నాడా? హారతి కళ్ళకద్దుకున్నాను. నా చేతులకి వేడి కూడా తెలియలేదు.

అమ్మ అంతటితో ఊరుకోలేదు. ఎప్పుడు గుడికి వెళ్ళినా ఆ పేరు చెప్పేది. పంతులుగారికి కూడా అలవాటైపోయింది, ఆవిడ నోరు తెరవకముందే ఆయనే అనేవారు. ఒక్కసారి, అమ్మా ఆయన మనకేమవుతాడు, ఇంక చాలులే అన్నాను. నీకంతా టైపు పనే, ఒకరు మేలు చేస్తే తలుచుకోవద్దూ అని కసిరింది. కృతజ్ఞత నాకు నేర్పింది ఆవిడే. ఏదొచ్చినా దండం పెట్టుకోమని. ఆ నేర్పిన చేత్తోనే నాకు తెలియకుండా శిక్ష కూడా వేసింది.

బెంగుళూరు మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. చంటి కొన్నాళ్ళు ఆటకి మొదట్లో పాఠం పెట్టాలని చూశాడు. పెట్టాడు కూడా. అప్పటికే ఎవరూ దింపుకోవడం లేదు. బాబాయి ఎవరి ద్వారానో మళ్ళీ మస్కట్‌లో గోడౌను పని చూశాడు. వాడు వెళ్ళేముందు వచ్చి అమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. నాతో, నువ్వు లేకపోతే ఇంతవరకైనా వచ్చేవాణ్ణి కాదక్కా అన్నాడు.

బెంగుళూరైతే రాత్రి బస్సెక్కితే మర్నాటికి అరుగు మీద ఉండేవాడు. మస్కట్ నుంచి అలా రాలేడు. అమ్మ పోయినప్పుడు సెలవు దొరక్క వీడియోలో చూశాడు. ఫోను నేనే పట్టుకున్నాను, అమ్మ ముఖం వైపు తిప్పి. వాడు అటువైపు ఏడ్చాడు. వాణ్ణి ఆపాలని చేసిన పని వాణ్ణి సముద్రం దాటించింది. ఎవరూ నన్ను శిక్షించలేదు. సాయంత్రం నాలుగవుతుంది, అంతే.

ఎడిటరుగారికి ఒకసారి రాశాను, ఆ సమీక్ష తీసేయండి అని. ఎందుకండీ, అందులో తప్పేముంది అని అడిగారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఊరికేనండి అన్నాను. ఊరికే తీయలేమండీ, ఇప్పటికీ చదువుతున్నారు అన్నారు. అది ఇంకా అక్కడే ఉంది. నేను సమీక్షలు మానేశాను. ఆ పేరుతో మళ్ళీ రాయలేదు. మానేసినంత మాత్రాన రాసింది చెరిగిపోదు.

ఈమధ్య ఒక శుక్రవారం చంటి ఫోను చేశాడు. గదిలో ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళకి తన పాత ఆట చూపించాడట. ఫౌల్ అంటే వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. పోటీలు పడి ఆడుతున్నారట. అవుటైనవాడితో మిగతావాళ్ళంతా ఏవనుకోకండి అంటున్నారట, అమ్మ అన్నట్టే, సాగదీసి. వెనకాల వాళ్ళ నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల మధ్యలో, చాలా చిన్నగా, మా అమ్మ గొంతు కూడా.

వాడికి చెప్పాలా? చెప్పాలి. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వాడి దృష్టిలో ఆ విమర్శకుడు తన తప్పు చూపించిన పెద్దమనిషి. నేను తనని ఓదార్చిన అక్కని. నిజం చెబితే ఒకేసారి ఇద్దరూ పోతారు. అంత దూరంలో, ఆ గోడౌనులో, వాడికి ఎవరు మిగులుతారు? ఇది వాడి మీద జాలా, నా మీద నాకున్న జాలా? ఇంతకుముందు కఠినత్వం అన్న మాటని అడ్డు పెట్టుకున్నదాన్ని, ఇప్పుడు జాలిని అడ్డు పెట్టుకోవడం లేదని ఎవరు చెప్పగలరు?

నిన్న కూడా ఫోను చేశాడు. గొంతేమిటక్కా అలా ఉంది అన్నాడు. జలుబు అన్నాను. చూశారా, అబద్ధం ఇంకా మానలేదు.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. మీరు క్షమించడానికి ఇది మీకు చేసిన తప్పు కాదు. ఆ సమీక్ష రాసింది నేనే. ఇది రాసింది కూడా నేనే. ఇన్నేళ్ళలో ఈ రెండు వాక్యాలూ ఒకచోట పక్కపక్కన కూర్చోవడం ఇదే మొదలు. చదివి చూసుకున్నాను, గట్టిగా, ఖాళీ ఇంట్లో. ఎవరూ ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం కొంచెం కిందిదాకా దిగింది.